అత్తకి సీర

మా ఇళ్లలో సంక్రాంతిని పెద్ద పండగ అంటారు. పండగల్లో పెద్దది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. మా మామ్మ మాత్రం ‘పెద్దల పండగ గనక పెద్ద పండగ’ అనేదట. పోయినవాళ్లకి ఆ రోజు కొత్త బట్టలు పెట్టాలి, విస్తట్లో అన్నీ వడ్డించాలి, సాంబ్రాణి పొగ వెయ్యాలి. ఆ తరవాతే పిల్లలు కొత్త బట్టలు తొడుక్కోవడం. శ్రీకాకుళం వైపు ఎలా చేస్తారో ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలోనూ అలాగే చేస్తాం. గీత మ్యాపులో ఉంది గానీ మా వంటిళ్లలో లేదు.

నేను చెప్పబోయేది 1993 పండగ. అంతకు మూడు నెలల ముందే, 1992 అక్టోబరు 2న, గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లా చేశారు. మా ఊరు జిల్లా కేంద్రమైంది. ఏ అరుగు మీద చూసినా ఆఫీసులొస్తాయి, ఉద్యోగాలొస్తాయి అనే మాటే. మా ఇంట్లో మాత్రం చీటీ డబ్బు పోయిన దిగులు.

పండగ చీటీ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. నెలనెలా కొంత కడితే పండక్కి బెల్లం, నూనె, పప్పులు, ఒక స్టీలు గిన్నె ఇస్తారు. అమ్మ నెలకి 20 రూపాయల చీటీ కట్టింది. పదకొండు నెలలు కట్టాక, డిసెంబరులో, ఆ చీటీ నడిపినాయన రాత్రికి రాత్రే దుకాణం కట్టేసి ఊరు వదిలిపోయాడు. 220 రూపాయలు. నాన్న రైసు మిల్లులో గుమాస్తా, జీతం 800. అమ్మ ఆ దుకాణం దాకా వెళ్లి, తాళం చూసి, వెనక్కి వచ్చి, ఏమీ మాట్లాడకుండా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నం ఏరిన బియ్యమే సాయంత్రం మళ్లీ ఏరింది. నాకు అప్పుడు పదేళ్లు. ఏదో జరిగిందని ఆ బియ్యం చూసే తెలుసుకున్నాను.

అమ్మ లెక్కలన్నీ వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో రాసేది. పాలు, కిరసనాయిలు, బడి ఫీజు, ఎవరికైనా ఇవ్వాల్సింది, ఎవరి దగ్గరైనా రావాల్సింది. నెల మొదట్లో తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టేది. తను చదివింది మూడో తరగతి. మాట్లాడినట్టే రాసేది. నూనెని ‘నూని’ అని, చీపురుని ‘సీపురు’ అని. మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు మాది. అమ్మకి ఆయన సంగతి ఏమీ తెలియదు. ఆయన కోరినట్టే మా తలుపు మీద రాసుకుంటూ బతికింది. మా బడిలో చదువు ఒడియాలో. నేనూ, ఇద్దరు తమ్ముళ్లూ తెలుగు అక్షరాలు పట్టుకున్నది ఆ తలుపు మీదే. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన తెలుగు మాట ‘బెల్లం’. పక్కనే అంకె ఉండేది.

జనవరి మొదటి వారంలో నాన్న మిల్లులో అడ్వాన్సు తెచ్చారు. మామూలుగా పండక్కి 200 ఇచ్చేవారట, ఆ ఏడు బతిమాలితే 300 ఇచ్చారు. దానితోపాటు పది కిలోల కొత్త బియ్యం, అది మిల్లు మామూలు. ఆ రాత్రి లాంతరు తలుపు దగ్గర పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. నాన్న చెబుతుంటే అమ్మ రాసింది. బెల్లం మూడు కిలోలు, 24. వేరుశెనగ నూనె కిలో, 40. నువ్వులు పావు, 6. మినప్పప్పు కిలోన్నర, 21. పిల్లలకి గుడ్డ అయిదు మీటర్లు, 120. కుట్టుకూలి 45. మా తాతకి తువ్వాలు, 15. మొత్తం 271. మిగిలింది 29. అందులోనే పువ్వులు, కొబ్బరికాయ, తమలపాకులు, హరిదాసుకి, గంగిరెద్దులవాడికి.

ఆ తరవాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. రాయాల్సింది ఇంకొకటి ఉందని ఇద్దరికీ తెలుసు. ఏటా మామ్మకి ఒక చీర పెట్టేవాళ్లం. 110, 120 రూపాయల్లో నూలు చీర. పెద్దలకి పెట్టిన ఆ చీరనే మధ్యాహ్నం అమ్మ కట్టుకునేది. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, ఏడాది పొడుగునా అమ్మ కోసం ఇంట్లోకి వచ్చే చీర అదొక్కటే. అది కూడా మామ్మ పేరు మీద వచ్చేది. తనకంటూ చీర కావాలని అమ్మ అడగ్గా నేనెప్పుడూ వినలేదు.

“నాకు తువ్వాలొద్దు, పంచి వొద్దు. పిల్లల గుడ్డల్లో తగ్గిద్దామా?” అన్నారు నాన్న.

“పిల్లలవి ముట్టుకోకు. అత్తతో నేను సెప్పుకుంటాన్లే” అంది అమ్మ.

గుడ్డ పాతపట్నంలో కొన్నాం. మా ఊరి నుంచి మహేంద్రతనయ దాటి వెళితే పాతపట్నం, ఆంధ్ర. నాన్న సైకిలు మీద ముందు చిన్న తమ్ముడు, వెనక నేను. తాను విప్పి గజం కర్రతో కొలుస్తుంటే ఎంత మురిసిపోయానో. నీలం రంగు మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. ఒకే తానులో నాకు గౌను, తమ్ముళ్లకి చొక్కాలు. ముగ్గురం ఒకేలా కనబడతామని పెద్ద తమ్ముడు ఏడ్చాడు గానీ, ఒకే తానులో కత్తిరిస్తే ముక్క వృథా కాదని, మిగిలిన పీలికతో నాకు జడరిబ్బను వస్తుందని అమ్మ లెక్క. గౌను కింద నాలుగు వేళ్ల మడత లోపలికి కుట్టించింది. వచ్చే ఏడు ఒక మడత, ఆపై ఏడు ఇంకో మడత విప్పడానికి. ఆ గౌను నేను మూడేళ్లు వేసుకున్నాను. విప్పిన చోట నీలం ముదురుగా, మిగతా చోట వెలిసిపోయి, చూసినవాళ్లకి నా వయసు ఆ చారల్లో తెలిసేది.

నువ్వులు మాత్రం మా ఊరి సంతలో. కొండల మీంచి దిగివచ్చే సవర ఆడవాళ్లు చీపుళ్లు, పసుపు కొమ్ములు, రేగుపళ్లు, నువ్వులు గంపల్లో తెచ్చేవాళ్లు. వాళ్ల దగ్గర తూకం లేదు, మానికతో కొలిచేవాళ్లు. కొలిచాక పైన ఒక గుప్పెడు కొసరు వెయ్యకుండా ఎవరినీ పంపేవాళ్లు కాదు. ఆ కొసరు గుప్పెళ్లు అమ్మ ఏటా ఒక డబ్బాలో విడిగా దాచేది.

ఇక అరిసెల రాత్రి. మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. పక్కింట్లో ఒడియావాళ్లు. ఆవిడని అమ్మ ‘అపా’ అనేది, మేం మావుసీ అనేవాళ్లం. వాళ్ల మకర సంక్రాంతి కూడా అదే రోజు. వాళ్లూ అరిసె చేస్తారు, ‘ఆరిసా పిఠా’ అంటారు. బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, నూనె. పేరు కూడా ఇంచుమించు ఒకటే. ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వెళ్లిందో ఎవరికీ పట్టలేదు. ఆ ఏడు మావుసీ ఇంట్లోనూ చేతిలో డబ్బు అంతంతమాత్రమే. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు: ఒకే పొయ్యి, ఒకే మూకుడు, ఒకే నూనె. కిలో మనది, కిలో వాళ్లది. విడివిడిగా అయితే చెరి రెండు కిలోలు పొయ్యాల్సిందే, మూకుడు లోతుగా నిండకపోతే అరిసె పొంగదు. కలిపితే ఒకే మూకుడు రెండు ఇళ్లకీ సరిపోయింది. కట్టెలు కూడా సగానికి సగం.

ముందు జంతికలు వేయించారు, ఆ తరవాతే అరిసెలు. బెల్లం పడితే నూనె నల్లబడుతుంది, వాసన మారుతుంది. ఈ వరస తెలియక డబ్బు పోసుకునేవాళ్లని నేను ఇప్పటికీ చూస్తుంటాను.

రాత్రీ పగలూ నానిన బియ్యం వార్చి రోట్లో దంచారు. రెండు రోకళ్లు, అమ్మది ఒకటి, మావుసీది ఒకటి. ఒకటి పడుతుంటే ఒకటి లేస్తుంది. నేను జల్లెడ పట్టాలి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, పైన తడిగుడ్డ కప్పాలి. తడి ఆరిందా, అరిసె నూనెలో విరిగిపోతుంది. పెద్ద తమ్ముడి పని ఆ గుడ్డ జారకుండా చూడటం. వాడు గిన్నెని రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, గుడ్డ మీద రెండు చేతులూ ఆనించి, కునుకుతూ కూడా వదల్లేదు.

బెల్లం పొయ్యి మీద పెట్టాక మాత్రం ఎవరూ మాట్లాడకూడదు. పాకం నురగ కట్టి బుడబుడలాడుతుంటే అమ్మ గరిటెతో కొంచెం తీసి నీళ్ల పళ్లెంలో వేసేది. మొదటిసారి కరిగిపోయింది. రెండోసారి తీగలా సాగింది. మూడోసారి నీళ్లలోనే వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కట్టింది. దాన్ని నా అరచేతిలో పెట్టి, “ఇదిగో, ఇలగుండాల. నొక్కి సూడు” అంది. వెచ్చగా, చెవితమ్మెలాగ ఉంది. ఆ మెత్తదనం నా వేళ్లకి ఇప్పటికీ గుర్తే. కొలతలు ఎవరైనా అడిగితే చెప్పగలను గానీ, పాకం నేను చూసేది ఆ రాత్రి గుర్తుతోనే.

వెంటనే మూకుడు దించడం, మావుసీ పిండి జల్లుతుంటే అమ్మ తెడ్డుతో కలపడం. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. చలిమిడి గట్టిపడుతున్నకొద్దీ అమ్మ భుజాలు బరువెక్కేవి, అప్పుడు మావుసీ తెడ్డు అందుకునేది. నూనె పట్టించిన అరిటాకు మీద వత్తి, నువ్వులు అద్ది, మూకుట్లో వెయ్యడం. మొదటిది అగ్నిదేవుడికి. పొంగి పైకి తేలినదాన్ని అమ్మ తీసి చెక్కల మధ్య పెట్టి నొక్కేది. నొక్కితే కారిన నూనె చెంబులోకి, చెంబులోంచి మళ్లీ మూకుట్లోకి. ఒక్క బొట్టు నేల మీద పడలేదు. మావుసీ తనవి కాస్త మందంగా, చిన్నగా వత్తుకుంది. రెండు బుట్టలు నిండాయి. అర్ధరాత్రి దాటాక, చల్లారిన నూనెని గ్లాసుతో కొలిచి ఇద్దరూ సమానంగా పంచుకున్నారు. ఆ నూనె మా ఇంట్లో నెలంతా కూరల్లోకి వచ్చింది. కూరలన్నీ లేత బెల్లం వాసన.

ఆ రాత్రే మావుసీ చీర సంగతి ఎత్తింది. తన పెట్టెలో కట్టని చీర ఒకటుంది, పెద్దలకి పెట్టుకో, తరవాత ఇద్దువుగానిలే అంది, సగం ఒడియా, సగం తెలుగులో. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, “వద్దపా. పెద్దలకి అప్పు సీర పెట్టకూడదు. మాయత్తకి నేనే బాకీ ఉంటాను” అంది. అప్పుడే పిండి చేత్తో లేచి వెళ్లి తలుపు మీద రాసింది. అత్తకి సీర. పక్కన అంకె వెయ్యలేదు.

భోగి బుధవారం. మా బడికి ఒక్క సంక్రాంతి రోజే సెలవు. పాతపట్నంలో పిల్లలకి వారం పైగా సెలవులు, మేం మాత్రం భోగి మంట దగ్గర చలి కాచుకుని, పిడకల దండలు అందులో వేసి, తలంటు పోసుకుని, నుదుటి మీద మంట బొట్టుతో ఒడియా బడికి వెళ్లేవాళ్లం. సాయంత్రం చిన్న తమ్ముడికి భోగిపళ్లు. రేగుపళ్లలో కలపడానికి అమ్మ అయిదు పైసల బిళ్లలు పది వేసింది. పేరంటం అయ్యాక ఏడు దొరికాయి.

సంక్రాంతి పొద్దున్న అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక చీర తీసింది. ఆకుపచ్చ మీద ఎర్రంచు. మామ్మ పోక ముందు ఆఖరి పండక్కి నాన్న కొన్నది. మామ్మ దాన్ని నాలుగైదు సార్లకి మించి కట్టలేదు. అమ్మ ముందురోజే దాన్ని కుంకుడు రసంలో ఉతికి, గంజి పెట్టి, నీడలో ఆరేసింది. ఇప్పుడు ఇత్తడి చెంబులో పొయ్యి నిప్పులు వేసి, దుప్పటి మీద పరిచి, చెంబుతో రుద్దింది. మడత మీద మడత, అంచుకి అంచు తగిలేట్టు. నాలుగు మూలలా పసుపు పెట్టింది. పెద్దల మూల గోడకి పసుపు రాసి బొట్లు పెట్టిన చోట, తాత తువ్వాలు పక్కన ఆ చీర పెట్టింది. విస్తట్లో కొత్త బియ్యం అన్నం, గుమ్మడికాయ పులుసు, పప్పు, అరిసెలు, గారెలు. నాన్న సాంబ్రాణి వేశారు. తువ్వాలు దగ్గర కొత్త గుడ్డ వాసన వస్తోంది. చీర దగ్గర గంజి వాసన. నేను రెండింటి దగ్గరా ముక్కు పెట్టి చూశాను కాబట్టి తెలుసు.

అమ్మ చేతులు జోడించి పైకే అంది: “అత్తా, ఈ ఏటికి నీదే నీకు పెట్టాను. కోప్పడకు. వొచ్చే ఏటికి రెండూ కలిపి ఇస్తాను.”

మధ్యాహ్నం ఆ చీర తను కట్టుకోలేదు. ఉతికిన పాత చీరతోనే అందరికీ వడ్డించింది. సాయంత్రం మావుసీ గిన్నెడు మకర చావుళ పట్టుకొచ్చింది. నానబెట్టి రుబ్బిన కొత్త బియ్యం, పాలు, బెల్లం, కొబ్బరి, అరటిపండు, అల్లం ముక్కలు, చెరుకు ముక్కలు. పొయ్యి మీద పెట్టేదే లేదు, చల్లగా తినడమే. అరిసెల బరువు మీద ఆ చల్లదనం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. నేను ఇప్పటికీ పండగ సాయంత్రం రాయగడలో మా ఇంట్లో అది చేస్తాను, మా అత్తవారు కూడా అలవాటు పడిపోయారు.

కనుమ నాడు మా అత్త వచ్చింది, నాన్నకి అక్క. టెక్కలి నుంచి చిన్న రైల్లో. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మా రాజుగారి కాలంలో వేసిన లైను అది, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. పెట్టెలు చిన్నవి, దారిలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. 2004లో ఆపేసి, తరవాత పెద్ద లైను వేశారు. అత్త ఎప్పుడొచ్చినా ఒడిలో రేగువడియాలు తెచ్చేది. లోపలికి వస్తూనే పెద్దల మూల వైపు చూసి ఆగిపోయింది.

“ఓలమ్మా, ఇది మాయమ్మ సీర కాదేటి?”

అమ్మ తల వంచుకుని నిలబడింది. అత్త ఆ చీర తీసి మొహానికి ఆనించుకుంది. ఏమీ అడగలేదు. ఆ రోజు ఆడపడుచుకి ఇవ్వడానికి జాకెట్టు ముక్క కూడా లేదని అమ్మ నలిగిపోతుంటే, అత్త పది అరిసెలు అడిగి మరీ కట్టించుకుని, అదే పసుపుకుంకాలు అనుకుంటానంది.

ఆ ఏడాది అమ్మ మళ్లీ చీటీ కట్టలేదు. సవరవాళ్లు తెచ్చే అడ్డాకులు కొని విస్తళ్లు కుట్టడం మొదలుపెట్టింది. బడి నుంచి వచ్చాక మేం ముగ్గురం కూడా. పెద్ద ఆకు మధ్యలో, చిన్నవి చుట్టూ, వెదురు పుల్లతో రెండు కుట్లు. వంద కుట్టి కట్ట కడితే హోటలాయన కొనుక్కునేవాడు. ఆ చిల్లర మట్టి ముంతలోకి. తలుపు మీద నెలనెలా అన్నీ చెరిగిపోయేవి. పాలు, కిరసనాయిలు, ఫీజు, అన్నీ. ఆ ఒక్క వరస చుట్టూ తడిగుడ్డ జాగ్రత్తగా తిరిగేది. మసకబారితే అమ్మ మళ్లీ సుద్దతో దిద్దేది.

1994 పండక్కి ముంత పగలగొట్టాం. పెద్దల మూల దగ్గర ఆ సంక్రాంతికి రెండు కొత్త చీరలు ఉన్నాయి, ఒకటి గోధుమరంగు, ఒకటి కనకాంబరం రంగు. అమ్మ గోధుమరంగుది కట్టుకుంది. మర్నాడు అత్త వచ్చాక, కనకాంబరం చీర బొట్టుపెట్టి చేతిలో పెట్టింది. “ఇది పోయినేటిది వదినా. మీయమ్మది.”

అత్త అప్పటికప్పుడే లోపలికి వెళ్లి కట్టుకుంది. సాయంత్రం రైలుకి మేమంతా స్టేషనుకి వెళ్లాం. కిటికీ దగ్గర కూర్చుని, అరిసెల మూట ఒళ్లో పెట్టుకుని, కొత్త చీర మడతలు నలగకుండా మోకాళ్ల మీద సర్దుకుంటూనే ఉంది.

ఇంటికి రాగానే అమ్మ కాళ్లు కడుక్కుంది. ఆ తడిచేత్తోనే వెళ్లి తలుపు తుడిచింది. ఏడాది పాటు దిద్దిన సుద్ద కదా, మిగతావి పోయాయి గానీ ‘సీ’ మీది గుడిదీర్ఘం ఎంత రుద్దినా పోలేదు.